మబ్బుకు పొగ

బ్లెస్సీ ఆదివారం మందిరంలో నోరు విప్పకుండా ఉంటే బాగుండేది. పాస్టరయ్య ఊరుకుంటేగా! "మన జీవరత్నం కూతురు పెద్ద యూనివర్సిటీలో మబ్బుల మీద పరిశోధన చేస్తా ఉంది. వాన కోసం ప్రార్థన చేసేముందు ఆ పాప నాలుగు ముక్కలు చెప్తే విందాం" అని మైకు చేతిలో పెట్టాడు. రాచర్ల చుట్టుపక్కల కంది అంతా పూత మీదుంది. ఈ వారంలో ఒక్క పదును వాన పడకపోతే పూత రాలిపోతుంది. జనం తనవైపు చూసిన చూపులకు ఆ పిల్లకు చెమటలు పట్టాయి.

చెప్పింది. చెట్లు వదిలే ఆవిర్ల నుంచి గాలిలో ఒక నలుసు పుడుతుందని, అది వెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండదని, ఇంకా ఇంకా ఆవిరి పట్టుకుని యాభై రెట్లు పెరిగితేనే దాని మీద నీరు నిలుస్తుందని, నలుసు లేనిదే మబ్బు లేదని. పొగలోనూ అలాంటి నలుసులుంటాయని కూడా అంది. మిగతా సగం చెప్పబోయేసరికి పాట ఎత్తుకున్నారు.

ఆ చెప్పని సగమే కొంప ముంచింది. సోమవారం పొద్దున నల్లమల మీదినుంచి మబ్బు రాగానే జీవరత్నం చేలోకి పరుగెత్తి, కిందటేటి పత్తికట్టె అంతా అంటించాడు. ఆ పొగ చాలదనిపించి, చొప్పవామి మీద చెయ్యి వేశాడు. ఎండాకాలం దాకా రెండు బర్రెలకూ అదే మేత. అతను మోపు ఎత్తేసరికి బ్లెస్సీ రొప్పుతూ వచ్చి రెండో కొస పట్టుకుంది.

"వద్దు నాయనా! పొగ పెడితే వాన రాదు."

"నువ్వే చెప్పినావు గదమ్మా, నలుసు లేకుంటే మబ్బు లేదని."

"నలుసులు ఎక్కువైనా కష్టమే. ఉన్న తేమను అన్నీ పంచుకుంటే ఏ చుక్కా బరువెక్కదు, కింద పడదు. అప్పుడే పుట్టిన నలుసులైతే పెరగకముందే ఈ పొగకు అతుక్కొని పోతయి."

జీవరత్నం ముఖం పాలిపోయింది. "అంటే వానను నేనే చెడగొట్టినానా?"

"లేదు నాయనా. మబ్బు ఎంత, మన మంట ఎంత? దీంతో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు."

అది ఓదార్పు అనుకుంది పిచ్చిపిల్ల.

"మరి ఏం చెయ్యాల?"

ఎమ్మెస్సీ, ఆపైన యూనివర్సిటీలో ఓ పెద్ద మిషను ముందు నాలుగేళ్ల పరిశోధన. బ్లెస్సీ మోపు కొసను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నీ మిషను ఏం చేస్తది?" మళ్లీ అడిగాడు జీవరత్నం.

"గాల్లో నలుసులు లెక్కపెడతది."

"అంతేనా?"

"అంతే నాయనా."

మబ్బు చేను దాటి కంభం వైపు పోతోంది. జీవరత్నం దాన్ని చూశాడు, వాడుముఖం పట్టిన పసుపు పూతను చూశాడు.

"చేతులు కట్టుకొని కూచోలేను తల్లీ. వదులు."

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి తనను బతిమాలడం అదే మొదటిసారి. బ్లెస్సీకి ఏడుపు ఆగలేదు. మోపు వదిలేసింది.