మేఘమాల కూతురు

రేసుకోర్సు చివరి మలుపు దగ్గర నర్సింగ్ నిలబడి ఉంటాడు, కాని పచ్చిక ఉండాల్సిన చోటంతా నీళ్లు, ఆ నీళ్ల మీదుగా చనిపోయిన అన్న యాదగిరి జాకీ బట్టల్లోనే మేఘమాలను నడిపించుకుంటూ వస్తున్నాడు. రెండేళ్లు వరసగా పెద్ద కప్పులు గెలిచిన గుర్రం, ఒక పిల్లను ఈనాక కూడా మళ్లీ పరుగుకు దింపిన గుర్రం, పేపర్లన్నీ రాణి అని రాసిన గుర్రం, ఇప్పుడు కుంటుతోంది. దాని వెనక గ్యాలరీలు మెల్లగా ఆసుపత్రి వరండాలవుతాయి, జనం చప్పట్లు కొడుతున్నా చప్పుడు వినబడదు.

"దెబ్బ తగిలిందా అన్నా?"

"నాకేం కాలే. దాని కాలు సూడు," అంటాడు యాదగిరి. "ఆ పొద్దు నొప్పి తెల్వకుండ బల్వంతరావు సూది ఏపిచ్చిండు. కాలు ఇరుగుతున్నా దానికి తెల్వలే, నాకూ తెల్వలే. ఇద్దరం ఒక్కసారే పడ్డం."

ఆ సంగతి నర్సింగ్‌కు తెలుసు. ట్రైనర్ బల్వంతరావు మాత్రం జాకీ తాగి గుర్రాన్ని పొట్టన పెట్టుకున్నాడని ఊరంతా చాటాడు. శవం దగ్గరే, అమ్మ వింటుండగానే అన్నాడు. అప్పటినుంచీ నర్సింగ్ ఆయన గుర్రాలే ఎక్కుతూ, ఆయన ముందు తల వంచుకుని, అదను కోసం కాచుకుని ఉన్నాడు.

"ఇయ్యాల మేఘమాల బిడ్డ పరుగు, నాదే సవారి," అంటాడు. "పరుగయినంక వాణ్ణి ఖతం జేస్త."

యాదగిరి నవ్వుతాడు, నవ్వుతుంటే ముఖం కాసేపు నాన్నదవుతుంది, మళ్లీ తనదే అవుతుంది.

"వాడు సస్తే పెద్దమనిషని పూలేస్తరు. నేను తాగుబోతుగనే మిగిలిపోత. వాడు బతకాలె తమ్మీ. నలుగుట్ల ఇజ్జత్ పోయి బతకాలె."

"ఎట్ల?"

"బిడ్డకు గూడ సూది ఏస్తడు. గేటు తెర్సినంక నువ్వు ఉరికియ్యకు. అంత జనం ముంగట దిగి నిలబడు. దాని రక్తం పరీక్ష జెయ్యిమని రేసు నడిపే పెద్దసార్లను అడుగు. సూదిమందు రక్తంల దాగదు. బిడ్డకు ఏసినోడు తల్లికి ఏయలేదంటే ఎవ్వరు నమ్మరు."

"అమ్మకేం జెప్పాలె?"

"తాగలేదని జెప్పు," అంటాడు యాదగిరి, నీళ్లు వాళ్ల నడుములదాకా వస్తుండగా. "పేరు కడిగినంకనే జెప్పు."

మధ్యాహ్నపు ఎండకు లాయం రేకులు చిటపటలాడుతుంటే నర్సింగ్ గడ్డి మీద ఉలిక్కిపడి లేచాడు.

"ఇంకా పండుకున్నవా? తయారవ్వు," అన్నాడు గుమ్మంలోంచి బల్వంతరావు.

"తయారే సార్," అన్నాడు నర్సింగ్, ఎప్పటిలాగే తల వంచుకుని. ఎదురుగా మేఘమాల కూతురు కదలకుండా నిలబడి ఉంది. దాని ముందుకాలి మీద, మోకాలికి కాస్త కింద, పావలా బిళ్లంత మేర వెంట్రుకలు తడిసి ఉన్నాయి. స్పిరిట్ వాసన ఇంకా పోలేదు.