పన్నెండో మెయిలు

చేపల్ని బూడిదేసి తోమడం అందరూ చేసేదే. తోమాక పొట్ట చీల్చి, లోపలున్నది పారేయకుండా గాజుపలక మీద పరిచి, అగ్గిపుల్లతో విడదీసి చూసే ఇల్లాలు మాత్రం ఏలూరు మొత్తానికి దేవకుమారి ఒక్కతే అయ్యుంటుంది. ఆదివారం చర్చిలో ఆరాధన తొమ్మిదింటికి. ఆలోపు పిల్లలిద్దరికీ తలస్నానాలు, అత్తగారికి కాఫీ, భర్త వెస్లీకి ఇస్త్రీ చొక్కా, ఆపైన రెండు కేజీల జెల్లలు. ఇన్నిట్లో అయిదు నిమిషాలు ఎక్కడ దొంగిలించేదో గానీ, చూసింది చూసినట్టు నోటుపుస్తకంలో రాసేది. తేదీ, ఏ లంక దగ్గర పట్టింది, పొడవెంత, కడుపులో ఏముంది. చేపలు తెచ్చే దానమ్మ కొల్లేటి మనిషి, వల ఎక్కడ వేశారో అడిగితే చెప్పేది. "చచ్చిన చేప ఏం తిందో మనకెందుకే తల్లీ, మనం దాన్ని తింటే చాలదా?" అని అత్తగారు కనకమ్మ ముక్కున వేలేసుకునేది. ఇలా ఒకటీ రెండూ కాదు, అయిదేళ్ల ఆదివారాలు.

జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, పదేళ్లుగా ఇంటర్ పిల్లలకి కప్ప గుండెకాయ బొమ్మ గీసి చూపిస్తున్న మనిషి ఆమె. ఆ రెండువేల ఎనిమిది వేసవిలో పీహెచ్‌డీ చేస్తానని నోరు తెరిచి అడిగింది. చేరాలంటే ముందు గైడు దొరకాలి. ఎవరో ఒక ప్రొఫెసరు 'సరే, నా దగ్గర చెయ్యి' అని సంతకం పెడితేనే దరఖాస్తు. వెస్లీ వద్దనలేదు. అతను చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఆమె పని సులువయ్యేది, ఎదురు తిరిగి ఊరుకునేది. "నీకు ఇవన్నీ తెలీవు కుమారీ, నేను రాస్తాగా," అని ఆఫీసు కంప్యూటర్లో, తన ఐడీ నుంచే, పదకొండు మందికి ఒకే మెయిలు పంపాడు. 'నేను సీనియర్ అసిస్టెంటు శ్రీ వెస్లీగారి భార్యను. ఇద్దరు పిల్లలు. ఖాళీ సమయం ఉన్నది. తమరు ఏ అంశం ఇచ్చినా చేయగలను.' ఆ ఖాళీ సమయం ఏ మూల ఉందో దేవకుమారికి ఎంత వెతికినా కనబడలేదు.

జవాబొచ్చింది ఒక్కటే. 'డియర్ మిస్టర్ వెస్లీ, మీ ఆవిడకి దేని మీద ఆసక్తో మీరు రాయలేదు.' వెస్లీ దాన్ని ప్రింటు తీసి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "చూశావా, ఎంత టెక్కో!" అన్నాడు. ఆమెకి మాత్రం చెంప చెళ్లుమంది. ఆ ప్రొఫెసరు అన్నదాంట్లో తప్పేముంది? పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ఎవరికి ఏది ఇష్టమో ఆమెకి కంఠతా వచ్చు. ఆమెకి దేని మీద ఇష్టమో ఎవరూ అడగలేదు సరే, ఆమైనా ఎవరికైనా చెప్పిందా? "పోనీ నా నోటుపుస్తకం సంగతి రాద్దామండీ," అంది భయం భయంగా. వెస్లీ పగలబడి నవ్వాడు. "చేపల పేగులా? ప్రొఫెసర్లకా? పరువు పోద్ది కుమారీ!"

ఆ నవ్వు ఆమెని వారం రోజులు వదల్లేదు. కూర కలుపుతుంటే నవ్వు, బోర్డు తుడుస్తుంటే నవ్వు. ఎనిమిదోనాడు కాలేజీ వదిలాక, పవర్‌పేటలో నెట్ సెంటర్‌కి వెళ్లి తన పేరుతో ఒక ఐడీ తెరిచింది. ఈసారి పదకొండు మందికి పంపదలుచుకోలేదు. నాలుగు సాయంత్రాలు అక్కడే కూర్చుని ఎవరెవరు ఏం రాశారో చదివింది. విశాఖలో సూర్యప్రకాశరావు అనే ఆయన కొల్లేటి చేపల మీద రాసిన వ్యాసంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. రెండేళ్ల కిందట సరస్సులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు గదా, అంతకు ముందు ఇక్కడి చేపలు ఏం తినేవో వరసగా రాసిపెట్టిన వాళ్లు లేరు, అదే పెద్ద లోటు అన్నారాయన. "ఎందుకు లేరండీ?" అని పైకే అనేసింది. పక్క సీటావిడ తిరిగి చూసింది.

రాయడం మొదలెట్టాక చెయ్యి దానంతటదే 'వైఫ్ ఆఫ్' అని కొట్టింది. కొట్టేసింది. మళ్లీ మొదలెట్టింది. 'నా పేరు దేవకుమారి. గట్లు కొట్టక ముందు మూడేళ్లు, కొట్టాక రెండేళ్లు, వారం వారం జెల్లల కడుపులో ఏముందో చూసి రాశాను. ముందు తవుడు ఎక్కువుండేది, చెరువుల్లో మేతగా వేసింది కొట్టుకొచ్చి ఉండాలి. తరవాత తవుడు తగ్గింది, నత్తపిల్లలు కనబడుతున్నాయి. ఎందుకో మీ దగ్గర పీహెచ్‌డీ చేసి తెలుసుకోవాలని ఉంది.' పరిశీలన ఎక్కడ చేశారో రాయాలి గదా, అక్కడ కాసేపు తటపటాయించింది. ప్రయోగశాల అని అబద్ధం రాయనా? ఛ, ఎందుకూ? 'మా ఇంటి పెరట్లో, చేపలు బాగుచేసేచోట' అని రాసి, కింద ఇంటి ఫోను నంబరు వేసి పంపేసింది.

గురువారం సాయంత్రం ఇంట్లో ఫోను మోగింది. వెస్లీ తీశాడు.

"దేవకుమారిగారున్నారా అండీ? సూర్యప్రకాశరావుని, విశాఖపట్నం నుంచి." అవతలి గొంతు పెద్దది, గదంతా వినబడుతోంది.

"నమస్కారమండీ! నేను వాళ్లాయన్నండి. నాతో చెప్పండి, చెప్తాను."

"ఆ చేపల వివరాలు సేకరించింది మీరా?"

"అబ్బే, అదేం సేకరణండీ! ఇంట్లో కూరకి బాగుచేసుకుంటుందంతే."

"అయితే ఆవిడకే ఇవ్వండి."

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆయన అడుగుతూనే ఉన్నారు, ఆమె చెబుతూనే ఉంది. కొలత ఎలా తీశారు? ఒక్కో వారం ఎన్ని చేపలు? చూడని వారాలున్నాయా? "ఇది మొదలెట్టేసరికి కాన్పులు రెండూ అయిపోయాయండీ. మా మామగారు పోయినప్పుడు మూడు వారాలు చూళ్లేదండి," అంది. తనకి ఇంత గొంతుందని ఆమెకే కొత్తగా ఉంది.

"మంచిదమ్మా. సోమవారం నేను ఊరెళ్తున్నాను, వచ్చేసరికి మీ దరఖాస్తు గడువు దాటిపోతుంది. ఈ ఆదివారం మధ్యాహ్నం ఆ పుస్తకం పట్టుకుని మా డిపార్టుమెంటుకి రాగలరా? చూసి అక్కడే సంతకం పెడతాను."

ఎదురుగా వెస్లీ చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. ఆదివారం అత్తగారి తమ్ముడి కుటుంబం భోజనానికి వస్తోంది, ఎనిమిది మంది. "మావారినడిగి చెప్తానండీ" అనే మాట ఆమె నాలిక చివరికొచ్చేసింది. అది పదకొండేళ్లుగా అన్నిటికీ ముందు పరిగెత్తుకొచ్చే మాట. దాన్ని మింగింది.

"వస్తానండీ," అని ఫోను పెట్టేసింది.

వెస్లీకి కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువున్నట్టుంది. "అదేంటి కుమారీ, ఒక్కమాట నన్ను అడగాలా వద్దా?"

"ఆయన అడిగింది నన్నండీ," అంది దేవకుమారి.