గువ్వని లెక్కలోంచి తియ్యకండి

ఇంటర్వ్యూకి ముందు అమ్మలు చెయ్యాల్సిన పనులు ఇవి. అచ్చయిన పరిశోధన పేపర్లన్నీ ఏడాది వరసన టైపు చెయ్యాలి. ఒక్కొక్కదాని ఎదురుగా సైటేషన్లు ఎన్నో వెయ్యాలి. వాటిల్లో తనకి మంచివనిపించిన ఐదింటిని వేరే కాగితం మీద పెట్టి, ఎందుకు మంచివో ఒక్కోదానికి నాలుగు ముక్కలు రాయాలి. వార్డు పెద్దమేడం చేత సంతకం పెట్టించాలి. తెల్లకోటు ఇస్త్రీ చేయించాలి, జేబు మీది సిరా మరక వదలకపోతే కొత్తది అడగాలి. అన్నిటికంటే కష్టమైనది చివర్న ఉంది: ఆ రోజు నాన్న సెలవు పెట్టి ఇంటర్వ్యూ గది బయట కూర్చోకుండా ఒప్పించాలి.

ఆ చివరిది అయ్యే పని కాదని అమ్మలుకి తెలుసు. పదో తరగతి పరీక్షలకీ ఆయన ఇలాగే వచ్చాడు. మెడిసిన్‌లో చేరిన రోజునా వచ్చాడు. డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చిన ఖాకీ చొక్కాతో గేటు పక్కన నిలబడి, లోపల ఏం జరుగుతోందో తెలియకపోయినా అంతా బాగానే జరుగుతోందని వాచ్‌మన్‌కి ధైర్యం చెప్పాడు.

అమ్మలు అనేది ఇంట్లో పిలుపు. ఆస్పత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో, ఆమె చిన్నమేడం. ఇంత చదువు వాళ్ల ఇంటా వంటా లేదు. నాన్న సిటీ బస్సు నడుపుతాడు, అమ్మ బట్టలు కుడుతుంది. వార్డులో అమ్మలుది కాంట్రాక్టు ఉద్యోగం, ఈ నెలాఖరుతో సరి. ఇప్పుడు పర్మనెంటు పోస్టు ఒక్కటే ఒక్కటి పడింది. అది వస్తే ఉంటుంది, రాకపోతే సర్దుకుని వెళ్లిపోవాలి. జీతం పోతుందన్న దిగులు లేకపోలేదు. కానీ ఆ వార్డులో గుప్పెడంత ఉన్నప్పుడు తను చూసిన పిల్లలు ఇప్పుడు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. ఏడాదికోసారి వాళ్లని పిలిచి, ఎలా ఎదుగుతున్నారో చూసి రాసుకుంటోంది. ఆ పని మధ్యలో వదిలెయ్యాల్సి వస్తుందేమోనన్నదే ఆమె బెంగంతా.

ఏ పేపరైనా పత్రికకి పంపే ముందు వాళ్లింట్లో ఒక పద్ధతుంది. ఆదివారం పొద్దున అమ్మ కుట్టుమిషను ఆపుతుంది. నాన్న న్యూస్‌పేపరు మడిచి పక్కన పెడతాడు. అమ్మలు తను రాసిందంతా ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెబుతుంది. వాళ్లకి అర్థం కాని చోటు మళ్లీ రాసుకుంటుంది. అమ్మ కునుకు తీసిందంటే ఆ పేరా అనవసరమన్నమాట.

అమ్మ రెప్ప వాల్చకుండా విన్న పేపరు ఒకటుంది. ఆ వార్డులో అంతకుముందు పసిగుడ్ల మడమ రోజూ పొద్దున్నే సూదితో గుచ్చి రక్తం తీసేవాళ్లు. ఎప్పటినుంచో అలా తీస్తున్నారు కాబట్టి తీసేవాళ్లు. రోజూ తియ్యడం నిజంగా అవసరమా అని అమ్మలు అడిగింది. తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి రోజూ, ఇంకో గుంపుకి ఏదైనా తేడా కనిపించినప్పుడే రక్తం తీశారు. చివరికి చూస్తే రోజూ గుచ్చినందువల్ల ఒరిగిందేమీ లేదు. అదే రాసింది. ఓ చిన్న పత్రికలో అచ్చయింది.

ఆ పరిశోధనలో అందరికంటే ముందు చేరిన పిల్లని నర్సులు గువ్వ అనేవాళ్లు. ఏడిస్తే కిచకిచమన్నట్టే ఉండేది. దాని ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదు. ఎంత చేసినా దక్కలేదు. ఆ తర్వాత వాళ్లమ్మ వార్డు తలుపు దగ్గర అమ్మలు చెయ్యి పట్టుకుంది.

"పోయింది కదా అని మా గువ్వని లెక్కలోంచి తియ్యకండి మేడం. ఎవరైనా అడిగితే గువ్వ అనే చెప్పండి."

"తియ్యనమ్మా. ఒకసారి చేరాక తియ్యకూడదు కూడా," అంది అమ్మలు.

పేపర్లో పేర్లుండవు. ఆ ఆదివారం నాన్న అడిగాడు, "మరి ఇందులో గువ్వ ఎక్కడుంది తల్లీ?" అమ్మలు రెండో పట్టికలో కిందినుంచి రెండో వరస చూపించింది. బతకని పిల్లలు ఎంతమందో అక్కడ అంకె ఉంది. నాన్న ఆ అంకె మీద వేలు పెట్టి, కాసేపు తియ్యలేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ కబురు విని ఆయన మళ్లీ అడిగాడు.

"ఈ సైటేషనంటే ఏంటమ్మా, అస్తమానం దాని గురించే అంటున్నావు?"

"ఇంకో డాక్టరు తన పేపర్లో మన పేపర్ని తలుచుకోవడం నాన్నా. ఎంతమంది తలుచుకుంటే అంత విలువ."

"గువ్వ పేపర్ని ఎంతమంది తలుచుకున్నారు?"

"ఒక్కళ్లు కూడా లేరు."

నాన్న ముఖం చిన్నబోయింది. "అదేంటి, అంత మంచి పేపరైతే!" అన్నాడు. తినడం మానేసి అన్నం కలుపుతూ కూర్చున్నాడు. ఆయన అలా కలుపుతూ కూర్చున్నాడంటే బుర్రలో ఏదో తిరుగుతోందని అమ్మలు అప్పుడే కనిపెట్టాల్సింది.

వారం తిరిగాక పెద్దమేడం, ఆ వార్డుకి పెద్ద, అమ్మలు ఇచ్చిన కాగితాలు కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూసింది.

"ఐదింట్లో ఈ సున్నా ఎందుకు పెట్టావు తల్లీ? వాళ్లు ముందు చూసేదే ఆ అంకె. దీన్ని తీసేసి, మనందరం కలిసి రాసిన ఆ పెద్ద పేపరు పెట్టు. దాన్ని వందలమంది తలుచుకున్నారు."

"అందులో నా పేరు తొమ్మిదోది మేడం. నేను చేసింది రెండు పట్టికలు సరిచూడటమే."

"తొమ్మిదోదైనా పేరు పేరే. పెళ్లి ఫొటోలో వెనక వరసలో ఉన్నవాళ్లు పెళ్లికి రానట్టా?"

అమ్మలు నవ్వింది. పెద్దమేడం నవ్వుతూనే కంప్యూటర్లో ఆ సున్నా పేపరు పేజీ తెరిచింది. నవ్వు ఆగిపోయింది. సైటేషన్లు సున్నాయే. కానీ ఎంతమంది చూశారో చెప్పే గడిలో అంకె వేలల్లో ఉంది. కిందటి నెలదాకా అక్కడ ముక్కీ మూలిగీ వంద.

"ఇదేంటే? ఎవరైనా మిషను పెట్టి నొక్కిస్తున్నారా? వాళ్ల కంట పడిందంటే నువ్వే చేయించావంటారు. ఈ పోస్టు సంగతి అటుంచు, ఇంకెక్కడా అడుగు పెట్టనివ్వరు నిన్ను."

అన్నం కలుపుతూ కూర్చున్న నాన్న అమ్మలు కళ్లముందు మెదిలాడు.

సాయంత్రం నేరుగా బస్సు డిపోకి వెళ్లింది. డ్యూటీ దిగినవాళ్లు కూర్చునే రేకుల గదిలో నాన్న గ్లాసు కడుక్కుంటున్నాడు. కూతుర్ని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"రా రా! ఎంతయింది అంకె?"

"నువ్వేనా నాన్నా?"

"నేనొక్కణ్ణే ఎక్కడ? మా డిపో, పక్క డిపో, వర్క్‌షాపు వాళ్లు. డ్యూటీ ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి. రోజూ."

"అయ్యో నాన్నా! ఇవేమైనా ఓట్లనుకున్నావా? చూస్తే సరిపోదు, వేరే డాక్టర్లు తమ పేపర్లలో రాయాలి. ఇప్పుడు నేనే దొంగలెక్క చేయించానంటారు!"

నాన్న గ్లాసు బోర్లించి చేతులు తుడుచుకున్నాడు.

"తలుచుకుంటే విలువన్నావు కదమ్మా. మేం తలుచుకున్నాం. అంతకుమించి నాకేం తెలుసు?"

అప్పుడు బెంచీ మీదినుంచి ఓ కండక్టరమ్మ లేచింది. టికెట్ల మిషను ఇంకా మెడలోనే వేలాడుతోంది.

"ఆయన్ని ఏమనకు పాపా. ఊరికే నొక్కమంటే నొక్కేవాళ్లమా? మా డ్రైవరన్న ఒక్కొక్కళ్లనీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇదిగో, చూడు."

ఆవిడ ఫోను తెరిచింది. అక్షరం ముక్క అర్థం కాని ఆ పేజీలో రెండు వేళ్లతో సాగదీసుకుంటూ సరిగ్గా రెండో పట్టిక దగ్గర ఆగింది. కిందినుంచి రెండో వరస.

"గువ్వ ఇక్కడుంది. అంతేనా?"

వెనకనుంచి ఓ మెకానిక్ అందుకున్నాడు. "నాకు మొదట దొరకలేదండీ. మీ నాన్నగారు తిట్టారు. నట్టు ఏ సైజో చూడగానే చెబుతావు, పిల్ల ఎక్కడుందో కనబడదా అని."

అందరూ నవ్వారు. నాన్న కూడా, బుగ్గ తుడుచుకుంటూ.

"మా చెల్లెలికి కిందటి వారం నెలలు నిండకుండానే బాబు పుట్టాడు," అంది కండక్టరమ్మ. "వేరే ఆస్పత్రిలే. రోజూ గుచ్చుతున్నారని అది ఒకటే ఏడుపు. వెళ్లి ఆ డాక్టరుబాబుకి ఈ ఫోనిచ్చి, అయ్యా, ఒకసారి చదవండి, మా డ్రైవరన్న కూతురు రాసింది అన్నాను. ఆయన నిలబడే చదివాడు. మాకు పంపించండి అన్నాడు. ఏం చేస్తాడో తెలీదు. చదివాడు మాత్రం."

అమ్మలు ఆ బెంచీ మీదే కూలబడింది. కోపమంతా ఎటు పోయిందో. "ఇకమీదట రోజూ నొక్కకండి అన్నా, అక్కా. మీకు దండం పెడతాను," అంది. ఇక నొక్కబోమని అందరూ ఒట్టేశారు. ఇంకెవరైనా అడిగితే నోటితో చెబుతామన్నారు.

ఐదు పేపర్ల కాగితంలో అమ్మలు దేన్నీ మార్చలేదు. పెద్దమేడం నిట్టూర్చి సంతకం పెట్టింది.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న నెరిసిన జుట్టు ప్రొఫెసరు నేరుగా దానిదగ్గరికే వచ్చాడు.

"ఈ పేపర్ని ఒక్కరూ ఉదహరించలేదు. చూసినవాళ్లు మాత్రం వేలల్లో ఉన్నారు. సంజాయిషీ ఏమైనా ఉందా?"

"మా నాన్నండీ," అంది అమ్మలు.

"ఏమిటి?"

"మా నాన్న బస్సు డ్రైవరండి. బయట కూర్చున్నారు. చూసిన ప్రతివాడూ సైటేషన్ కింద లెక్కనుకుని రెండు డిపోల చేత తెరిపించారు. నాకు తెలియగానే ఆపించాను. ఆ అంకెని మీరు లెక్కలోకి తీసుకోవద్దు."

ఒకాయన పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ప్రొఫెసరు నవ్వలేదు.

"సున్నా ఉన్నదాన్ని మంచి ఐదింట్లో ఎందుకు పెట్టారు మరి?"

"దాని తర్వాత మా వార్డులో రోజూ గుచ్చడం మానేశారండి. చేస్తున్న పని గురించైతే పదిమంది రాస్తారు. మానేసిన పని గురించి ఎవరు రాస్తారు?" కాస్త ఆగింది. "అందులో మొదట చేరిన పాప బతకలేదు. లెక్కలోంచి తియ్యనని వాళ్లమ్మకి మాటిచ్చాను. నేనే నా లెక్కలోంచి ఆ పేపరు తీసేస్తే ఎలా అనిపించింది."

ఆయన కాగితం తిప్పాడు. "ఏ పట్టిక?" అని అడిగాడు. అమ్మలు చెప్పింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఆ వరస చూశాడు.

పోస్టు ఆమెకి రాలేదు. ఇంకొకతనికి వచ్చింది. పనిమంతుడే, సైటేషన్లూ బోలెడు. ఆ కాగితం వచ్చిన మధ్యాహ్నం అమ్మలు స్టోరు గదిలోకి వెళ్లి, డైపర్ల అట్టపెట్టెల మధ్య నిలబడి ఏడ్చింది. నాలుగు రోజుల తర్వాత ఇంకో కాగితం వచ్చింది. పిల్లల ఎదుగుదల చూసే పని ఆగకూడదని ప్రొఫెసరు రాశాడట. కాంట్రాక్టు రెండేళ్లు పొడిగించారు.

"రెండేళ్లంటే తక్కువా?" అన్నాడు నాన్న. "మా బస్సుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఏడాదికే ఇస్తారు."

"మీ బస్సుతో పోలికేంటండీ నా కూతురికి?" అని అమ్మ మిషను ఆపకుండానే కసిరింది.

గువ్వ పేపరు ఎదురుగా ఇవాళ్టికీ సున్నాయే ఉంది. కండక్టరమ్మ చెల్లెలి కొడుకు ఇంటికెళ్లాడు. అక్కడి డాక్టరు రోజూ గుచ్చడం మాన్పించాడు, కానీ ఆ సంగతి ఏ పత్రికకీ రాయలేదు. రాయాలని ఆయనకి తట్టి ఉండదు.

ఇది కథే కాబట్టి ఇక్కడ తలుచుకున్నది ఏ లెక్కలోకీ రాదు. అయినా ఇంతదూరం చదివినవాళ్లని ఒక్కటి అడగాలనుంది. రెండో పట్టికలో, కిందినుంచి రెండో వరసలో ఒక పిల్ల ఉంది. ఏడిస్తే కిచకిచమనేది. వాళ్లమ్మ పెద్దగా ఏమీ కోరలేదు. ఎప్పుడైనా ఒకసారి గువ్వని తలుచుకోండి.