నాన్న రేకు డబ్బా

నాన్న పోయాక ఆయన పాత కారు అన్నయ్యకొచ్చింది గానీ, ఆయన బుద్ధి మాత్రం రాలేదు. రిపేరుకి విప్పిన ప్రతి నట్టునీ నాన్న ఒక రేకు డబ్బాలో వేసేవాడు. పని అయ్యాక డబ్బా ఖాళీగా ఉంటేనే తాళం తిప్పేవాడు.

ఆ కారులోనే అన్నయ్యా నేనూ బయల్దేరాం, ఆరువందల కిలోమీటర్ల దారి. మధ్యాహ్నంలోపే కారు రెండుసార్లు మొరాయించింది. మొదట రేడియేటర్ గొట్టం ఊడింది, తర్వాత ఫ్యాన్ బెల్టు తెగింది. రెండుసార్లూ అన్నయ్యే బాగుచేశాడు. రెండుసార్లూ డబ్బాలో ఏదో ఒకటి మిగిలింది.

"ఇదెక్కడిది అన్నయ్యా?"

"కంపెనీవాడు ఎక్కువ పెట్టుంటాడు. బండి నడుస్తోందిగా, నస పెట్టకు."

కొండ మీదికి చేరేసరికి ముందు చక్రం పంక్చరైంది. వాన అందుకోవడంతో హడావుడిగా చక్రం మార్చేసి, డబ్బా నా ఒళ్లో పడేసి, బండి తీశాడు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆయనతో ఎవరు వేగుతారని కిటికీ వైపు తిరిగాను.

దిగుడు మొదలైంది. నా వైపంతా లోయే. మలుపు తిరిగినప్పుడల్లా టకటకమని చప్పుడు.

"ఆ డబ్బా గట్టిగా పట్టుకోవే, చెవులు చిల్లులు పడుతున్నాయి," అన్నాడు.

మూత తీశాను. పాత నట్ల మీద మూడు పెద్ద నట్లు, ఇంకా వాన తడితోనే ఉన్నాయి. చక్రానివి. అన్నిటినీ గుప్పిట్లో బిగించాను.

చప్పుడు ఆగలేదు. నా కాళ్ల కింద నుంచి వస్తోంది.

"అన్నయ్యా, బండి ఆపు!"

"మళ్లీ మొదలెట్టావా?" అని విసుక్కుని, ఇంకాస్త వేగం పెంచాడు.