ఇంట్లో మనిషి

లాథమ్ మిస్ మంచిది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డదైతే మనసులో నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

పదకొండో తరగతి ఇంగ్లిషులో, బాగా చదివేవాళ్లకని విడిగా పెట్టిన సెక్షన్‌లో, ఆమె మాకు ఈమధ్యే వచ్చిన ఒక నవల పాఠంగా పెట్టింది. కథంతా ఒక పెద్ద ఇంట్లో జరుగుతుంది. పైన యజమానుల కుటుంబం ఉంటుంది. కింద నేలమాళిగలో వాళ్లింట్లో పనిచేసే నీనా, ఆమె పిల్లలు ఉంటారు. నేను దాన్ని ఆపకుండా చదివి, అయిపోగానే మళ్లీ మొదటినుంచి చదివాను. ఎంత కడుక్కున్నా చేతులకు బ్లీచ్ వాసన పోదని తెలిసినవాళ్లు కూడా పుస్తకాలు రాస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సెక్షన్‌లో నది ఇవతలి పేదపేట పిల్లను నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా కొండ మీది ఇళ్లవాళ్లు. మా అమ్మ డోరీన్ ఆ కొండ మీది ఇళ్లే తుడిచి కడుగుతుంది. మంగళవారం, శుక్రవారం ఆబ్రీ స్టాన్‌డిష్ వాళ్లింట్లో. ఆబ్రీ నా ముందు బల్లలోనే కూర్చుంటుంది. బడిలో ఆ సంగతి నేనూ ఎత్తను, తనూ ఎత్తదు. ఆ ఒప్పందం ఎవరూ నోరు విప్పకుండానే కుదిరిపోయింది.

"నీనాకి అసలు పౌరుషం లేదు మిస్," అంది ఆబ్రీ ఒకరోజు. "నేనైతే ఆ చీపురు వాళ్ల మొహాన కొట్టి వెళ్లిపోయేదాన్ని."

"వెళ్లి ఎక్కడుంటావ్?" అన్నాను వెనకనుంచి.

"ఎక్కడో ఒకచోట."

"అక్కడ కూడా అద్దె అడుగుతారు తల్లీ."

క్లాసంతా నవ్వింది. మిస్ కూడా నవ్వి, "ఇదీ చదవడమంటే! మోరా, ఈ మాట మీద నువ్వు వ్యాసం రాయాలి," అంది. రెండేళ్లుగా ఆ బడిలో గోడలో గోడలా కూర్చున్నదాన్ని, ఆ రోజు ఇంటికి గాల్లో తేలుతూ వెళ్లాను. నాకు ఆ క్లాసు కావాలి. ఆ బడి మొత్తం మీద నాకు కావాల్సింది అదొక్కటే.

అలా వదిలేసినా బాగుండేది. కానీ మిస్‌కి ఆ పుస్తకం మా ఒంటికి పట్టాలని కోరిక పుట్టింది. మమ్మల్ని ఆటల హాలుకు తీసుకెళ్లి, భుజం భుజం ఆనించి వరసగా నిలబెట్టింది. ఇక్కడ తెలిసింది ఇక్కడే ఉండాలని అందరిచేతా మాట తీసుకుంది. తర్వాత ఒక్కో వాక్యం చదవడం మొదలుపెట్టింది. సొంత ఇల్లున్నవాళ్లు ఒక అడుగు ముందుకు. కరెంటు బిల్లు గురించి ఇంట్లో గొడవ జరగగా విన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి. సెలవులకు వేరే దేశం వెళ్లినవాళ్లు ముందుకు. డబ్బుల్లేక డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేసుకున్నవాళ్లు వెనక్కి.

నేను నిజాయితీగా ఆడాను. వెర్రిదాన్ని. కాసేపటికి నా వీపు గోడకు తగిలింది. ముందు అందరి జుట్టూ కనిపిస్తోంది. ఎవరైనా వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా వాళ్ల మొహాల్లో జాలి. వాళ్లు పాఠం నేర్చుకుంటున్నారు. ఆ పాఠం నేను. నీనా గురించి మాట్లాడే మనిషిగా ఆ గదిలోకి వచ్చినదాన్ని నీనాని చేసి గోడకు నిలబెట్టారు.

అప్పుడు మిస్ చదివింది: "ఇంట్లో పనిమనిషి ఉన్నవాళ్లు ఒక అడుగు ముందుకు."

కొందరు కదిలారు. ఆబ్రీ కదల్లేదు. చేతులు కట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది. అప్పటికే అందరికంటే ముందుంది కదా, ఇంకా ముందుకు పోవడానికి సిగ్గేసినట్టుంది. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి మా అమ్మను మాయం చేసేసింది. మోకాళ్లు వాచిపోయి, బఠానీల ప్యాకెట్టు ఫ్రీజర్లోంచి తీసి వాటిమీద పెట్టుకుని మా అమ్మ సోఫాలో కూలబడేది వీళ్ల నేలలు తోమే కదా. నాకు ఒళ్లు మండిపోయింది.

"అడుగెయ్యి ఆబ్రీ," అని అరిచాను. "మంగళవారం మీ బాత్రూం కడిగింది మా అమ్మ!"

ఆబ్రీ భోరుమంది. అందరూ తన చుట్టూ మూగారు. మిస్ పరిగెత్తుకెళ్లి తన భుజం చుట్టూ చెయ్యి వేసింది. గోడ దగ్గరికి ఒక్కరూ రాలేదు.

మాట తప్పానట. ఒకరి ఇంటి సంగతి బయటపెట్టి సాటి విద్యార్థిని మనసు నొప్పించానట. ఆబ్రీకి అందరి ముందు క్షమాపణ చెప్పాలి, లేకపోతే ఆ సెక్షన్‌లోంచి తీసేసి మామూలు సెక్షన్‌లో వేస్తారు. ఆ గురువారం థాంక్స్‌గివింగ్, ఇంటివాళ్లంతా ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేసే పండగ. ఆ వారం సోమవారం నాడు ఉపప్రధానోపాధ్యాయుడు గ్రైమ్స్ గదికి అమ్మను కూడా పిలిపించారు.

కారులో అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ పిల్ల నిజంగా కదల్లేదా?"

"లేదు."

"ఊఁ," అంది.

గదిలో ఆబ్రీ, వాళ్లమ్మ మిసెస్ స్టాన్‌డిష్, లాథమ్ మిస్ అప్పటికే కూర్చుని ఉన్నారు. అమ్మ పనిబట్టల మీదే వచ్చింది.

"మేమేం కోపంగా లేం డోరీన్," అంది మిసెస్ స్టాన్‌డిష్. "కానీ మా ఆబ్రీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నువ్వే చెప్పు, అది చిన్నప్పటినుంచీ నీ చేతుల్లో పెరిగిన పిల్లే కదా."

"నేను అబద్ధం ఆడలేదు," అంది ఆబ్రీ. మళ్లీ కళ్లనిండా నీళ్లు. "డోరీన్‌ని పనిమనిషి అనడానికి నాకు కాళ్లు కదల్లేదు. తను మాకు ఇంట్లో మనిషి."

"అంతే! ఇంట్లో మనిషి," అంది వాళ్లమ్మ. "మేం ఎప్పుడూ వేరుగా చూసింది లేదు."

లాథమ్ మిస్ తల ఊపింది. ఆమె కళ్లు కూడా చెమర్చాయి. ఇంత మంచితనం ఒకే గదిలో నేనెప్పుడూ చూడలేదు. ఊపిరాడలేదు.

అమ్మ నవ్వింది. ఆ ఇళ్ల గుమ్మాల దగ్గర నవ్వే నవ్వు అది, నాకు బాగా తెలుసు. ఆ నవ్వు చూసి నాకు ఆబ్రీ మీదకంటే అమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది. అయిపోయింది, ఇప్పుడు నా మెడ వంచి క్షమాపణ చెప్పిస్తుంది అనుకున్నాను.

"చూశావా మోరా, ఎంత మాటన్నారో," అంది అమ్మ. తర్వాత మిసెస్ స్టాన్‌డిష్ వైపు తిరిగింది. "చాలా సంతోషమండీ. ఇన్నేళ్లూ నాకే తోచలేదు. మరి గురువారం పండగ భోజనానికి మమ్మల్ని ఎన్నింటికి రమ్మంటారు? నేనూ, మా అమ్మాయీ. గుమ్మడికాయ తీపి రొట్టె నేను చేసి తెస్తాను."

గ్రైమ్స్ కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. మిసెస్ స్టాన్‌డిష్ మెడ కిందనుంచి ఎర్రబడుతూ వచ్చింది.

"అయ్యో డోరీన్... ఇంకోసారి తప్పకుండా. ఈ ఏడు మరీ..." అంటూ బ్యాగు పట్టీ సవరించుకుంది. "ఈ ఏడు మావాళ్లు మాత్రమే."

అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆబ్రీ మాత్రం వాళ్లమ్మ మొహంకేసి అలా చూస్తూ ఉండిపోయింది.

"సరేనండీ," అని అమ్మ లేచి కోటు తొడుక్కుంది. "చెప్పాలనిపిస్తే ఇప్పుడు చెప్పెయ్యవే క్షమాపణ. అందరూ ఇక్కడే ఉన్నారు."

నేను లాథమ్ మిస్ వైపు చూశాను. ఆమె తన చేతులకేసి చూసుకుంటోంది. గ్రైమ్స్ కిటికీకేసి చూస్తున్నాడు.

నేను చెప్పలేదు. మరుసటి రోజు వెళ్లి ఆ క్లాసులో నా బల్లలోనే కూర్చున్నాను. లేవమని అడిగే మొహం ఆ బడిలో ఎవరికీ లేకపోయింది.