రాజుగారి బూట్లు

బిష్టుపూర్ క్లబ్బు హాల్లో ఉన్న నిలువెత్తు పటంలోని రాజుగారికి రాత్రిళ్లు నడిచే అలవాటు. అందుకని పొద్దున్నకల్లా ఆయన బూట్లకు ఎర్రమట్టి అంటుకుని ఉండేది. ఛాతీ నిండా పతకాలు, భుజాల మీద బంగారు కుచ్చులు, నడుముకు కత్తి. పాదాలు మాత్రం ఆడపిల్ల పాదాలంత చిన్నవి. చిత్రకారుడు నాజూకు కోసం పోయి అలా గీశాడని అందరూ నవ్వుకునేవారు. ఆ మట్టి తుడిచి, కొబ్బరినూనెతో బూట్లకు మెరుపు తేవడం సన్యాసమ్మ పని.

ఆ సోమవారం ఆమె తుడుస్తుంటే కూతురు ఉమామహేశ్వరి ఉక్కు ప్లాంటు గేటు నుంచి వెనక్కి వచ్చేసింది.

"జూతా నహీ తో కామ్ నహీ, అన్నాడు గార్డు. బూట్లు లేకపోతే పని లేదంట. రేపు కూడా అంతేనంట."

చిన్నారావు పక్క టేబుల్ దగ్గర టీ తాగుతున్నాడు. ఉమకు కాంట్రాక్టరూ అతనే, క్లబ్బు సెక్రటరీ అతనే.

"బాబూ, పిల్లకి బూట్లిత్తానన్నారు కదా?"

"ఇచ్చాను కదే. మగోళ్ల సైజులే తెప్పించాను. మీ ఆడోళ్ల కోసం ఇంకో ఆర్డరెట్టాలా? గుడ్డలు కుక్కి తొడుక్కోమను."

"కుక్కాను," అంది ఉమ. "నిచ్చెన మీంచి పడ్డాను."

"అయితే ఇంటికాడ కూకో. నువ్వు కాపోతే ఇంకోత్తి. సన్యాసమ్మా, రాజుగారి ఎడం బూటు సూడు, మట్టి అలాగే ఉంది."

అతను ఫోను చెవిన పెట్టుకుని బయటికెళ్లాడు. సన్యాసమ్మ గుడ్డ నేలకేసి కొట్టి రాజుగారి వైపు తిరిగింది.

"ఏ యుద్ధం సేత్తన్నావని నీకియ్యి? కాలెత్తు."

రాజు కత్తిపిడి బిగించి పట్టుకున్నాడు.

"ఎత్తమన్నానా!"

ఎత్తాడు.

బూట్లు ఉమకు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. మర్నాడు గార్డు వంగి చూసి, పాత మోడలని గొణిగి లోపలికి వదిలాడు. క్లబ్బులో చిన్నారావు పటం ముందు ఆగిపోయాడు.

"రాజుగారి బూట్లేయే?"

"సైజు నేదు బాబూ. గుడ్డలు సుట్టమంటారా?"

అతను మళ్లీ ఫోను చెవిన పెట్టుకుని బయటికెళ్లాడు.

ఆ గురువారం ప్లాంటులో, కరిగిన ఇనుము మీద తేలే స్లాగ్ ఎర్రగా కాలుతూ చింది ఉమ కుడి బూటు మీద పడింది. ఆమె దాన్ని విదిలించుకుని పని చూసుకుంది. పాదం మీద మచ్చయినా లేదు.

హాల్లో రాజుగారి కుడికాలి వేళ్లు బొబ్బలెక్కాయి. పళ్లు బిగించి, పతకాలతో అలాగే నిలబడ్డాడు. సన్యాసమ్మ కొబ్బరినూనె తెచ్చి, ఏమాత్రం సున్నితత్వం లేకుండా రాసింది.

"ఓర్సుకో," అంది. "పనంటే ఇదే."