దుమ్ములగొండి దర్శనం

మా క్యాంపులో భోజనాల గదికి నాలుగు వైపులా ఇనప ఊచలు. పక్కనే ఉన్న వంటింటికీ అంతే. అతిథులు ఎక్కడెక్కడి నుంచో సెరెంగెటీ దాకా వచ్చి, బోనులో కూర్చుని సూప్ తాగుతుంటే, అడవిదున్నలు బయట నిలబడి తీరిగ్గా చూసి పోతుంటాయి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆరేళ్లు ఆ బోనులోనే వంట చేశాక నవ్వు పోయి ఒళ్లుమంట మిగిలింది.

మండదా మరి? గైడు పరీక్ష నేను రెండేళ్ల కిందటే ప్యాసయ్యాను. "బండి తోలడం మగాళ్ల పని మాంకా. నీ చేతి మేకమాంసం కోసమే కదా జనం వచ్చేది!" అంటూ మా ఓనరు షిరిమా పొగుడుతూనే తొక్కిపెట్టాడు. ఇప్పుడు మా గైడు త్లువాయ్ పెద్దాయన నెలాఖరుకి పని మానేస్తున్నాడు. ఆ సీటు నాకా, షిరిమా అక్క కొడుకు, క్యాంపులోనే ఉంటున్న గాడ్‌లిసన్‌కా అన్నది ఆ సాయంత్రం ఓనరు వచ్చి తేల్చాలి. ఆ గాడ్‌లిసన్ మాట, పేరుకి తగ్గట్టు, దేవుడు వింటాడేమో గానీ, వాడు మాత్రం ఎవరి మాటా వినడు. చిరుతకీ చీతాకీ తేడా ఏంటని అడిగితే "రెండూ కరుస్తాయి" అన్న మహానుభావుడు. ఈసారి కూడా నాకు దక్కకపోతే ఇక జన్మలో దక్కదని నాకు తెలుసు.

రేడియోలో మేం జంతువుల అసలు పేర్లు పలకం. సింహం అన్నామా, అతిథులు బండిలో లేచి నిలబడిపోతారు. అందుకని సింహాన్ని మీసాలు అంటాం, చిరుతని మచ్చలు అంటాం. మా షిరిమా పేరు దుమ్ములగొండి, అదే హైనా. క్యాంపుకి ఎప్పుడొచ్చినా ముందు వంటింట్లో దూరి, మూతలెత్తి, ఎముకలతో సహా నమిలేసి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు కాబట్టి ఆ పేరు.

ఆ సాయంత్రం పార్కు గేటు దగ్గర డీజిల్ పోయించుకుంటున్న త్లువాయ్ గొంతు వంటింటి రేడియోలో వినిపించింది.

"చెల్లీ, దుమ్ములగొండి బయల్దేరింది. ఒక్కటే వస్తోంది. మంచి ఆకలి మీదుంది. మాంసం దాచెయ్!"

ఊచల అవతల భోజనాల గదిలోంచి ఒక కేక. డెన్మార్క్ నుంచి వచ్చిన ఇంగర్ అనే రిటైరైన పంతులమ్మ. పదేళ్లు పుస్తకాలు బట్టీపట్టి స్వాహిలీ నేర్చుకుంది. మా ఇళ్లల్లో, బజార్లో ఎవరూ మాట్లాడని స్వాహిలీ అది. ఆవిడ మంచినీళ్లు అడిగినా పురాణం చెబుతున్నట్టే ఉంటుంది.

"ఓ సోదరీ! దుమ్ములగొండి ఏ దిక్కునుండి యేతెంచుచున్నది?"

ఏం చెప్పమంటారు? అది జంతువు కాదు, మా ఓనరండీ అనగలనా?

"గేటు వైపు నుంచండీ."

"ఎప్పుడు?"

"ఓ అరగంటలో."

"తొలుత ఎచ్చటికి పోవును?"

"వంటింటికే," అన్నాను, నోరు జారి.

అంతే! మిగతా ఐదుగురినీ కేకేసి పిలిచింది. కెమెరాలు, టార్చిలు పట్టుకుని వంటింటి వైపు ఊచల దగ్గర వరసగా నిలబడ్డారు. "వద్దండీ, కూర్చోండి, సూప్ చల్లారిపోతోంది" అని నేను అటు వెళ్లి ఎంత బతిమాలినా ఒక్కరూ కదల్లేదు. ఈ హడావిడిలో మాంసం దాచడం మర్చిపోయాను.

షిరిమాకి ఇంకో గుణం ఉంది. మేం ఏం వెలగబెడుతున్నామో పట్టుకోవాలని లైట్లు ఆర్పుకుని వస్తాడు. ఆ మునిమాపు చీకట్లో బండి చప్పుడు కూడా సరిగ్గా తెలియలేదు. వంటింటి తలుపు కిర్రుమంది. మూత తీసిన చప్పుడు. తర్వాత కటుక్కున ఎముక విరిగింది.

"వచ్చెను!" అంటూ ఇంగర్ టార్చి ఎత్తింది.

ఆరు టార్చిలు ఒక్కసారి వెలిగాయి. రెండు చేతులా మేక డొక్క పట్టుకుని, గడ్డం నిండా నూనెతో, షిరిమా. కెమెరాలు టకటకమన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇది మనుష్యుడు!" అని ఇంగర్ నొచ్చుకుంది. షిరిమా వైపు తిరిగి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "అయ్యా, రేడియోయందు దుమ్ములగొండి వచ్చునని చెప్పిరి. ఒంటరిగా వచ్చును, ఆకలితో వచ్చును, వంటశాలకు పోవును అనిరి. సర్వమును సరిపోయినది. మృగము మాత్రము మారినది."

షిరిమా నమలడం ఆపాడు. "ఎవరే నాకు ఆ పేరు పెట్టింది?"

త్లువాయ్ పేరు చెబితే పెద్దాయన ఆఖరి జీతం గోవిందా. చెప్పకపోతే నా సీటు గోవిందా. నాకు భయం వేసింది. కానీ ఆ నూనె గడ్డం చూస్తుంటే అంతకన్నా కోపం వచ్చింది.

"నేనే సార్. పొరపాటు పేరు పెట్టాను."

"పొరపాటని ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది సార్. దుమ్ములగొండి మందలో పెత్తనం ఆడవాటిదే. మగది ఎంత బలిసినా, ఆడవి, పిల్లలు తిన్నాకే మూతి పెట్టాలి. ముందే ఎగబడితే కరిచి తరుముతాయి. మీరు అందరికన్నా ముందే తినేశారుగా, మీరు దుమ్ములగొండి కాదు."

ఇంగర్ నా మాటల్ని మిగతా వాళ్లకి చెప్పింది. అందరూ పగలబడి నవ్వి చప్పట్లు కొట్టారు. "మూడు దినములుగా ఇంత చక్కగా వివరించిన వారు లేరు. రేపు మమ్ము ఈమెయే తీసుకొనిపోవలెను," అంది ఇంగర్.

షిరిమాకి ఆరుగురి మధ్య నవ్వక తప్పలేదు. "ఇంత తెలిసినదానివి వంటింట్లో ఎందుకున్నావే?"

"మీరే ఉంచారు సార్."

ఆ నవ్వు కాస్తా మాయమైంది. డొక్కని తిరిగి గిన్నెలో పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, జేబులోంచి క్యాంపు బండి రెండో జత తాళాలు తీసి, గుండెకాయ కోసి ఇస్తున్నట్టు బల్ల మీద పెట్టాడు.

"రేపట్నుంచి నువ్వే తియ్. ముందు అందరికీ టిఫిను చేసిపెట్టి, అప్పుడెళ్లు."

నేను ముందు తాళాలు తీసుకున్నాను.

"టిఫిను గాడ్‌లిసన్ చేస్తాడు లెండి సార్. ఏ గిన్నె ఎక్కడుందో మీరే చూపించండి, నాకన్నా మీకే బాగా తెలుసు."